విదేశంలో ఒంటరిగా ఉన్నప్పుడు దెబ్బ తగిలితే: పేషెంటూ మీరే, తాలూకు మనిషీ మీరే

[ప్రెజెంటర్ నేరుగా కెమెరాతో]

"ఇన్సూరెన్స్ తీసుకున్నాగా, ఇంకేం భయం?" ఒంటరిగా విదేశాలకు వెళ్లేవాళ్ల నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. పాలసీ తీసుకోవడం మంచిపనే. కానీ చాలామంది దాన్ని ఇంటికొచ్చాక బిల్లులు జతచేసి డబ్బు రాబట్టుకునే కాగితంలా చూస్తారు. అందులో అన్నిటికన్నా విలువైనది ఒక ఫోన్ నంబరు. ఎందుకో చెప్తాను.

ఒక ఉదాహరణ పట్టుకుందాం. తెలియని ఊళ్లో తడి మెట్ల మీద జారారు. పడుతూ చెయ్యి ఆనించారు. కుడి మణికట్టు విరిగింది. ప్రాణాపాయం ఏమీ లేదు, మామూలు ఫ్రాక్చరే. అయితే మీ ఫోన్ తెరుచుకునేది కుడి బొటనవేలితో. ఆస్పత్రి ఫారాల మీద సంతకం పెట్టేదీ ఆ చేత్తోనే. పాస్‌పోర్ట్ బ్యాగు అడుగున ఉంది, జిప్పు లాగాలన్నా కష్టమే. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చాక మీకు మత్తుగా ఉంటుంది. "పేషెంట్ తాలూకు ఎవరు?" అని నర్సు అడిగితే పలికేవాళ్లు లేరు. ఆ మనిషి చేసే పనులన్నీ ఎవరికో ఒకరికి అప్పగించాలి. ఆ నంబరు అందుకే.

[స్క్రీన్ మీద: పాలసీ కాగితంలో 24 గంటల అసిస్టెన్స్ నంబరు]

ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి వెనక ఒక అసిస్టెన్స్ కంపెనీ ఉంటుంది. రాత్రీపగలూ ఫోన్ ఎత్తుతారు. ఏ ఆస్పత్రికి వెళ్లాలో చెప్తారు, అక్కడి డాక్టర్‌తో మాట్లాడతారు. బిల్లు మేం కడతాం అని ఆస్పత్రికి హామీ పత్రం పంపగలిగేదీ వాళ్లే. అది అందకపోతే చాలాచోట్ల ముందు డిపాజిట్ కట్టమంటారు. మన మణికట్టుకి ప్లేట్ వేసి ఆపరేషన్ చేయాలన్నారనుకోండి, వాళ్లకు చెప్పకుండా ఒప్పుకుంటే తర్వాత క్లెయిమ్‌లో కోత పడొచ్చు. చాలా పాలసీల్లో ముందస్తు అనుమతి షరతు ఉంటుంది. ఆ ఒక్క పేరా బయల్దేరే ముందే చదవండి, ప్లీజ్. రక్తం ఆగట్లేదు, స్పృహ తప్పుతోంది అంటే మాత్రం ఆ ఫోన్ తర్వాత. ముందు అంబులెన్స్.

[స్క్రీన్ మీద: 112, 911, 119, 000]

యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో 112. అమెరికాలో 911. జపాన్‌లో అంబులెన్స్‌కి 119, ఆస్ట్రేలియాలో 000. లాక్ తీయకుండానే ఎమర్జెన్సీ కాల్ చేయొచ్చు, కాబట్టి కుడి బొటనవేలు పనిచేయకపోయినా ఇది పనిచేస్తుంది. అదే లాక్ స్క్రీన్ మీద మెడికల్ ఐడీ కనిపించేలా పెట్టుకోండి: బ్లడ్ గ్రూపు, అలర్జీలు, వాడే మందులు, ఇంట్లోవాళ్ల నంబరు. మందులకు బ్రాండ్ పేర్లు రాయకండి, దేశం మారితే అవీ మారతాయి. జెనరిక్ పేర్లు, అంటే మందులోని అసలు పదార్థం పేర్లు రాయండి. రెండు నిమిషాల పని ఇది. ఒంటరిగా వెళ్తూ ఇది చేయనివాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇంకో అపోహ: ఎంబసీ చూసుకుంటుంది. ఎంబసీ ఇంటికి కబురు చేస్తుంది, స్థానిక డాక్టర్ల జాబితా ఇస్తుంది, పాస్‌పోర్ట్ పోతే సాయం చేస్తుంది. మీ ఆస్పత్రి బిల్లు కట్టడం దాని పని కాదు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలని నిబంధన పెట్టిందీ ఈ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో తెలిసే.

టైమ్ దగ్గరపడింది, మిగతావి గబగబా చెప్తాను.

భాష రాకపోతే దుబాసీని అడగండి, చాలా పెద్ద ఆస్పత్రుల్లో ఫోన్‌లోనైనా ఏర్పాటు ఉంటుంది. అర్థం కాని ఫారం మీద సంతకం పెట్టకండి. ఎడమ చేత్తో అయినా సరే!

లైసెన్స్ లేకుండా అద్దె బైక్ నడిపి పడితే చాలా పాలసీలు పైసా ఇవ్వవు. మద్యం తాగి పడినా అంతే.

కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే రేబిస్ వ్యాక్సిన్‌కి వెళ్లండి. ఇంటికెళ్లి చూద్దాం అనుకోవద్దు.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఎక్స్-రే కాపీ, డాక్టర్ రిపోర్ట్, ఏ పద్దుకి ఎంతో విడివిడిగా రాసిన బిల్లు చేతిలో పడ్డాకే బయటికి రండి. దేశం దాటాక వాటిని తెప్పించుకోవడం చాలా కష్టం.

చివరగా తిరుగు విమానం. పిండికట్టు వేసిన వెంటనే ఎక్కకూడదు, లోపల వాపు పెరిగితే రక్తప్రసరణ ఆగిపోవచ్చు. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ సలహా ప్రకారం రెండు గంటల లోపు ప్రయాణానికి 24 గంటలు, అంతకు మించితే 48 గంటలు ఆగాలి. ఈలోగా వెళ్లక తప్పదంటే కట్టును నిలువునా చీల్చి ఇవ్వడం కుదురుతుందేమో డాక్టర్‌ని అడగండి. ఎయిర్‌లైన్‌కీ ముందే చెప్పండి. ఆ మణికట్టుతో పెట్టె లాగలేరు, పైన అరలో పెట్టలేరు. సాయం కావాలని 48 గంటల ముందు నమోదు చేయించుకుంటే మనిషిని పంపుతారు.