కోళ్ల ఫ్లూ మనుషులకి తేలిగ్గా ఎందుకు అంటదు? కిటుకంతా రిసెప్టర్‌లో ఉంది

నమస్కారమండీ. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్లకి హెచ్5ఎన్1 అనే కోళ్ల ఫ్లూ వైరస్ బయటపడ్డప్పుడు జనం భయమంతా ఒకటే: ఇది మనకీ అంటుతుందా? వైరస్ కణంలోకి ఎలా దూరుతుందో చూస్తే జవాబు దొరుకుతుంది.

వైరస్ ఒంటి మీద రెండు రకాల ముళ్లున్నాయి. హెచ్, అంటే హీమాగ్లుటినిన్, పట్టుకునేది. ఎన్, అంటే న్యూరామినిడేజ్, తెంపేది. హెచ్ కొసన చిన్న గుంట ఉంటుంది. కణం మీది చక్కెర గొలుసు చివరుండే సియాలిక్ ఆమ్లం అందులో కూర్చుంటుంది. ఇదే రిసెప్టర్, అంటే వైరస్ పట్టుకునే చోటు. ఒక్క ముల్లు పట్టు చాలా బలహీనం. గట్టు మీద నడిస్తే పంచెకి ఉత్తరేణి గింజలు పట్టినట్టు, చాలా ముళ్లు ఒకేసారి పట్టుకుంటేనే వైరస్ నిలుస్తుంది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. సియాలిక్ ఆమ్లం పక్కనున్న గెలాక్టోజ్ అనే చక్కెరకి మూడో కార్బన్ దగ్గరైనా అతుక్కుంటుంది, ఆరో కార్బన్ దగ్గరైనా అతుక్కుంటుంది. బాతు పేగుల్లో ఎక్కువగా మూడో రకం. మన ముక్కు, గొంతు, శ్వాసనాళంలో ఎక్కువగా ఆరోది. హెచ్5ఎన్1 గుంటకి మూడోదే బాగా కుదురుతుంది, అందుకే మనకి తేలిగ్గా అంటదు. కానీ మన ఊపిరితిత్తుల అడుగున, కంటి పొర మీద మూడో రకం ఉంది. చచ్చిన కోళ్లని ఎత్తేటప్పుడు, లిట్టర్ (షెడ్డులో పరిచిన పొట్టు, రెట్ట) తోడేటప్పుడు లేచే సన్నటి దుమ్ము అక్కడిదాకా పోతుంది. తువ్వాలు చుట్టుకుంటే చాలదండీ, ఎన్95 మాస్కు, కళ్లకి గాగుల్స్, చేతులకి గ్లవుజులు ఉండాల్సిందే.

పట్టు దొరికాక కణమే వైరస్‌ని చిన్న సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. సంచిలో పులుపు పెరిగి పీహెచ్ 5, 5.5కి దిగగానే హెచ్ రూపు మారి, వైరస్ పొర సంచి పొరతో కలిసిపోతుంది. వైరస్ జన్యువులున్న 8 ఆర్ఎన్ఏ ముక్కలూ బయటపడి కేంద్రకానికి చేరతాయి. దీనికి ముందే హెచ్‌ని ఒక ఎంజైమ్ రెండుగా కోసి ఉండాలి. కొయ్యకపోతే వైరస్ పట్టుకోగలదు గానీ పొరలు కలవవు, లోపలికి దారి లేదు. మామూలు ఫ్లూకి ఆ ఎంజైమ్ మనలో ముఖ్యంగా శ్వాసమార్గంలోనే దొరుకుతుంది. తీవ్రరకం హెచ్5ని ఫ్యూరిన్ అనే ఇంకో ఎంజైమ్ కోస్తుంది, అది ఒంట్లో దాదాపు ప్రతి అవయవంలోనూ ఉంటుంది. ఫారంలో కోళ్లు గుట్టలుగా చావడానికి పెద్ద కారణం ఇదే.

ఫ్లూకి వాడే ఓసెల్టామివిర్ మందు ఈ దూరడాన్ని ఆపదు. అది ఎన్‌ని అడ్డుకుని, కొత్త వైరస్‌లు కణాన్ని తెంపుకుని పోకుండా చేస్తుంది. అందుకే లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే ఎక్కువ ఫలితం.

1957, 1968 మహమ్మారుల్లో పక్షుల నుంచి వచ్చిన హెచ్ మీద 226, 228 స్థానాల్లో అమైనో ఆమ్లాలు (ప్రోటీన్‌ని కట్టే ఇటుకలు) మారి, ఆరో రకానికి పట్టు కుదిరింది. రెండే మార్పులండీ! అందుకే వైరస్ పాకే దారులు మూసెయ్యాలి. కోతలయ్యాక చేలల్లో తోలే బాతులు జబ్బు లక్షణాలు చూపకుండానే వైరస్ మోయగలవు. వాటిని కోళ్ల షెడ్ల దరిదాపులకి రానివ్వకండి, అవి దిగిన కాలవ నీళ్లు కోళ్లకి పెట్టకండి.