మూకుడు మీది నల్ల జిడ్డు

శ్రోతలందరికీ నమస్కారం.

సంక్రాంతి పిండివంటలు అయిన మర్నాడు మా హనుమకొండలో సకినాలు, గారెలు, అరిసెలు డబ్బాల్లోకి చేరిపోతాయి. మూకుడు మాత్రం నల్లగా, జిగటగా నల్లా దగ్గరే ఉంటుంది. మా అత్తమ్మ స్టీలు పీసు పట్టుకొని గంటసేపు తోమేది. సాయంత్రానికి వేళ్ల చివర్లు పగిలి, అన్నంలో తొక్కు కలుపుకోవాలంటే మంట. ఆ వేళ్లను చూసినదాన్ని కాబట్టే ఈ మాటలు చెప్పాలనిపించింది.

ఆ నలుపు మామూలు జిడ్డు కాదు. పలచగా అంటుకున్న నూనె సెగకు మళ్లీ మళ్లీ కాగి, గాలి తగిలి గట్టిపడి, తలుపులకు వేసే వార్నిష్‌లాంటి పొరగా మారుతుంది. సబ్బు ఎంత రుద్దినా కదలనిది అందుకే. ముందు దాన్ని మెత్తబరచాలి.

స్టీలు గిన్నె అయితే మాడిన మేర మునిగేలా నీళ్లు పోసి, రెండు చెంచాల వంటసోడా వేసి, సన్నమంట మీద పది పదిహేను నిమిషాలు మరిగించండి. దించి రాత్రంతా వదిలేయండి. పొద్దున చెక్క గరిటెతో నెడితే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. మొండిదైతే మరోసారి మరిగించండి. బయటివైపు జిడ్డుకు సోడాను ముద్దగా కలిపి పట్టించి, పైన తడిగుడ్డ కప్పాలి. ఆరిపోతే పనిచేయదు. వెనకట కట్టెల పొయ్యి బూడిదతో తోమేవారు కదా, ఆ బూడిదలో ఉన్నదీ క్షారమే.

చాలామంది సోడా మీద నిమ్మకాయ పిండుతారు. బుస్సున పొంగుతుంది గానీ, రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. జిడ్డుకు సోడా వాడండి. బోరు నీళ్ల తెల్ల మరకలకు, స్టీలు మీద సెగకు వచ్చే నీలిరంగు మరకలకు పులుపు వాడండి.

అల్యూమినియం సంగతి వేరు. ఒకసారి తొందరపడి అల్యూమినియం మూకుడులో బట్టల సోడా వేసి మరిగించాను. చూస్తుండగానే లోపలంతా నల్లబడింది. సోడా ఆ లోహాన్నే తినేస్తుందని అప్పుడు నాకు తెలియదు. చింతపండు నీళ్లు మరిగిస్తే నలుపు చాలావరకు విరిగింది, వేలికి తగిలే గరుకు మాత్రం ఇప్పటికీ ఉంది. నల్లబడిన అల్యూమినియం కుక్కర్‌కు కూడా చింతపండే మందు. జిడ్డుంటే వేడి సబ్బునీళ్లలో నానబెట్టండి, చాలు.

ఇనుప మూకుడు లోపల నున్నగా మెరిసే నలుపు జోలికి మాత్రం పోకండి. అదీ కాగిన నూనె పొరే, కానీ అది ఉండాలి. గిన్నప్ప, అదే సర్వపిండి, అడుగంటకుండా ఎర్రగా లేచి వచ్చేది దానివల్లే. వేడినీళ్లు, కొబ్బరి పీచుతో కడిగి, పొయ్యి మీద తడి ఆరనిచ్చి, ఒక చుక్క నూనె రాసి పెట్టండి. నాన్‌స్టిక్‌కు పీసు తగలనివ్వకండి.

బాత్రూం యాసిడ్‌తో బోళ్లు తోమేవాళ్లను చూశాను. దయచేసి వద్దు. దానికి బ్లీచింగ్ తోడైతే విషవాయువు పుడుతుంది. మూసిన వంటింట్లో అది ప్రాణం మీదికి వస్తుంది.

మీ ఇంట్లో బోళ్లు తోమడానికి ఒక అక్క వస్తుంటే, మూకుడు రాత్రే నానబెట్టండి. పొద్దున ఆమె చెయ్యి పెట్టేసరికి ఆ పొర మెత్తబడి ఉండాలి. నమస్కారం.