పాత జెట్ స్కీకి పార్టులు కొంటున్నారా? స్టిక్కర్ కాదు, బ్లాక్ మీద కోడ్ చూడండి

నమస్తే అందరికీ. గోపాల్‌పూర్ బీచ్ పక్క షెడ్డు నుంచి మాట్లాడుతున్నా, గాలి హోరు వినిపిస్తే కొంచెం సర్దుకోండి. ఈరోజు రివ్యూ జెట్ స్కీల్లో వచ్చే పాత యమహా 701 సీసీ ఇంజిన్‌కి దొరికే బయటి కంపెనీ టాప్ ఎండ్ కిట్ మీద, అంటే ఇంజిన్ పై భాగం సామాను. పిస్టన్లు, రింగులు, పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్నులు, ఆ పిన్ను జారకుండా పట్టే తీగ లాకులు, గాస్కెట్లు అన్నీ ఒకే డబ్బాలో ఉన్నాయి. డబ్బా తర్వాత విప్పుదాం. "అన్నా, కొత్త పిస్టన్ దూరట్లేదు" అని మెసేజ్ పెట్టేవాళ్ల కోసం ముందు ఒక సంగతి.

మన గంజాం వైపు వచ్చే పాత బండ్లు ఎన్నో చేతులు మారి వస్తాయి. హల్, అంటే బండి బాడీ, ఒకదాని నుంచి, ఇంజిన్ ఇంకోదాని నుంచి. హల్ వెనక 12 అక్షరాల నంబర్ ఉంటుంది, అమెరికా కోసం చేసిన బండి అయితే చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. మంచిదే, కానీ అది హల్ పుట్టిన సంవత్సరం, ఇంజిన్‌ది కాదు కదా! సీటు ఎత్తి, ఉప్పు, గ్రీజు గీకి, సిలిండర్ మీద పోతలో వచ్చిన కోడ్ చదవండి. 6ఎం6 అంటే 633 సీసీ, అందరూ 650 అని పిలిచేది, బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 77 మిల్లీమీటర్లు. 61ఎక్స్, 62టీ అంటే 701, బోర్ 81. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, రెండింటికీ 68 కాబట్టి బయటికి అన్నదమ్ముల్లా కనిపిస్తాయి, అక్కడే మోసపోతారు. 62టీ కేసుల మీద (క్రాంక్ తిరిగే కింది భాగం) 61ఎక్స్ సిలిండర్ కూర్చుంటుంది, చాలామంది వేస్తారు కూడా, కానీ అప్పుడు ఏ గాస్కెట్ ఏ సగానిదో మీకే తెలిసి ఉండాలి. కవాసాకీ 750లో చిన్న పిన్, పెద్ద పిన్ అని రెండు రకాలున్నాయి, పాత పిన్ కొలవకుండా పిస్టన్ ఆర్డర్ పెట్టకండి.

సీడూ కంపెనీ బండ్ల వాళ్లకి వేరే తలనొప్పి. వాటిలో వచ్చే 717, 787 రోటక్స్ ఇంజిన్లలో గాలి, పెట్రోల్ లోపలికి వదలడానికి తిరిగే బిళ్ల లాంటి రోటరీ వాల్వ్ ఉంటుంది, 951లో రేకుల్లా తెరుచుకునే రీడ్ వాల్వ్. రోటరీది విప్పితే టైమింగ్ డిగ్రీలు గుర్తు పెట్టిన చక్రంతోనే పెట్టాలి, కవర్‌కీ వాల్వ్‌కీ మధ్య సందు 0.25 నుంచి 0.35 మిల్లీమీటర్లు, టంకం తీగ నొక్కి కొలుస్తారు. కంటి అంచనా పనికిరాదు.

ఇక కిట్. పిస్టన్లు బాగున్నాయి, రెండూ మైక్రోమీటర్‌కి ఒకేలా వచ్చాయి. గాస్కెట్లు కూడా ఫర్వాలేదు. లాకులు మాత్రం మెత్తగా ఉన్నాయి, వేలితో వంగుతున్నాయి, నేనైతే అవి పారేసి ఒరిజినల్ కొంటా, ఎందుకంటే ఆ చిన్న తీగ ఊడితే పిస్టన్, సిలిండర్ రెండూ పోతాయి. బిగించేటప్పుడు కేసులో గుడ్డ కుక్కండి, పిస్టన్ మీద బాణం సైలెన్సర్ వైపు ఉండాలి. సిలిండర్ అరిగి రీబోర్ చేయించాల్సి వస్తే పిస్టన్లు చేతికొచ్చాకే బరంపురంలో బోరింగ్ షాపుకి వెళ్లండి, ఆ పిస్టన్‌ని కొలిచి బోర్ చేయమనండి, పోర్టు (సిలిండర్ గోడలోని రంధ్రం) అంచులు కాస్త మొద్దు చేయమని అడగడం మర్చిపోవద్దు, లేకపోతే రింగులు తట్టుకుంటాయి.

కింద కేసు పగిలితే సగం కేసు తెచ్చి అతికించే ఆలోచన వద్దు తమ్ముళ్లూ. పై సగం, కింది సగం ఫ్యాక్టరీలో జతగా కోసినవి. జతగానే కొనండి.

కొత్త పిస్టన్ మళ్లీ కరిగిపోతే కిట్‌ని తిట్టేముందు గాలి లీక్ చూడండి. 1990ల సీడూ అయితే బూడిద రంగు పెట్రోల్ పైపులు ముందు తీసేయండి, లోపల పచ్చటి జిగురు చేరి కార్బురేటర్ జల్లెడ మూస్తుంది, పెట్రోల్ తగ్గి పిస్టన్ కాలుతుంది.

ధర ఒరిజినల్ కంటే బాగా తక్కువ, లాకుల ఖర్చు కలిపినా లాభమే. ఒడ్డున నీళ్ల పైపు పెట్టి టెస్ట్ చేసేవాళ్లు ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి ఆ తర్వాతే నీళ్లు తిప్పండి, ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజిన్. తారుమారు చేస్తే సైలెన్సర్ దారిన నీళ్లు సిలిండర్లోకి వస్తాయి.