ఆ ఇంటికి రాత్రిపూట ఇంకోసారి వెళ్లండి

శ్రోతలందరికీ నమస్కారం.

ఊరి నడిబొడ్డున, ఎప్పుడూ సందడిగా ఉండే వీధిలో అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకోవడం గురించి ఈ పూట మాట్లాడతాను. అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత, నీళ్లు సరిగా వస్తాయా, లిఫ్ట్ పనిచేస్తుందా, ఇవన్నీ మీరు ఎలాగూ అడుగుతారు. నాకున్న సమయం తక్కువ. అందుకని చాలామంది అడగడం మరిచిపోయే ఒక్క సంగతే పట్టుకుంటాను. ఆ ఇంట్లో రాత్రి ఎలా ఉంటుంది?

ముందు ఒక మాట. నాకు నడిబొడ్డున ఉండటమే ఇష్టం. మా అమ్మకు ఇంకా ఇష్టం. డాక్టర్ దగ్గరికైనా, లైబ్రరీకైనా, మందుల షాపుకైనా ఎవరినీ బతిమాలకుండా తనంతట తను నడిచి వెళ్లొస్తుంది. నేను రాత్రి తొమ్మిదిన్నరకు బస్సు దిగితే వీధిలో వెలుగుంటుంది, మనుషులుంటారు. బిక్కుబిక్కుమంటూ నడవక్కర్లేదు. కాబట్టి సందడి ఉన్నచోటికి వెళ్లొద్దని నేను చెప్పను. వెళ్లండి. కానీ సంతకం పెట్టేముందు ఆ ఇంటికి రాత్రిపూట ఇంకోసారి వెళ్లండి.

మేం అలా వెళ్లలేదు. మొదటిసారి ఇల్లు చూసింది మంగళవారం, పొద్దున పదకొండింటికి. మూడో అంతస్తు. వీధివైపు పెద్ద బెడ్‌రూమ్, గది నిండా ఎండ. చూపించిన బ్రోకర్ ఆపకుండా మాట్లాడాడు. మేమూ మాట్లాడుతూనే ఉన్నాం. మంచం ఎక్కడ వేద్దాం, బీరువా ఏ గోడకు పెడదాం అని. ఆ ఇంట్లో ఉన్న పావుగంటలో అందరం నోరు మూసుకున్న క్షణం ఒక్కటీ లేదు. ఏడాదికి అగ్రిమెంట్ రాసుకున్నాం.

శుక్రవారం సామాన్లు దించాం. ఆ రాత్రి పదిన్నరకు కింద మ్యూజిక్ మొదలైంది. ఏం పాటో తెలియదు, మాటలు వినబడవు. డ్రమ్ము దెబ్బ ఒక్కటే గోడలోంచి, మంచం కోళ్లలోంచి పైకి వస్తోంది. పక్కన స్టూలు మీద గ్లాసుతో నీళ్లు పెట్టుకున్నాను. దెబ్బ పడినప్పుడల్లా ఆ నీళ్లమీద సన్నటి వలయాలు లేస్తున్నాయి. చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. అర్ధరాత్రి దాటాక మ్యూజిక్ ఆగింది. హమ్మయ్య అనుకుని కళ్లు మూశానో లేదో, రెండింటికి ఎవరో ఖాళీ సీసాలన్నీ పెద్ద డబ్బాలో గుమ్మరించారు. అయిదింటికి షట్టర్లు లేచాయి. ఆ వెంటనే సరుకుల లారీ రివర్స్‌లో వస్తూ బీప్ బీప్‌మని ఒకటే మోత.

అమ్మ లేచి కూర్చుని, "పడుకున్నావా?" అంది.

"లేదమ్మా" అన్నాను.

ఏడాది నిండేదాకా మాకు దాదాపు ప్రతి వారాంతం అలాగే గడిచింది.

మాటల్లాంటి శబ్దాలను గోడ చాలావరకు ఆపేస్తుంది. బరువైన డ్రమ్ము శబ్దం అలా కాదు, గోడనే వణికించి లోపలికి వచ్చేస్తుంది. ఇంకో సంగతి. పడకగదిలో రాత్రిపూట ఎడతెగని శబ్దం 30 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. మనం మామూలుగా మాట్లాడుకుంటే దాదాపు 60 ఉంటుంది. ముప్ఫైకి అరవై రెండింతలే కదా అనిపిస్తుంది. కానీ డెసిబెళ్ల లెక్క వేరు. పది పెరిగితే శబ్దశక్తి పదిరెట్లు. ముప్ఫై పెరిగితే వెయ్యి రెట్లు. మెలకువ రాకపోయినా నిద్రలో పెద్ద చప్పుడుకి గుండె వేగం పెరుగుతుంది. పొద్దున లేచాక ఎందుకు నీరసంగా ఉందో అర్థం కాదు, అంతే.

పై అంతస్తు తీసుకుంటే సరిపోతుందనుకోకండి. రద్దీ రోడ్డు ఒక్కచోట నుంచి కాకుండా పొడుగునా మోగుతుంది. అలాంటి రోడ్డుకి దూరం రెండింతలైనా తగ్గేది సుమారు 3 డెసిబెళ్లే. అదే బిల్డింగ్‌లో వెనకవైపు గది చూసుకుంటే ఆ బిల్డింగే అడ్డుగోడ అవుతుంది. నన్నడిగితే, అయిదో అంతస్తులో వీధివైపు గదికన్నా రెండో అంతస్తులో వెనక గది నయం.

రెండోసారి ఇల్లు వెతికినప్పుడు పగలు చూసి నచ్చాక ఓనర్ గారిని అడిగాను. "ఏమీ అనుకోకండి, శనివారం రాత్రి ఒక్కసారి వచ్చి పది నిమిషాలు కూర్చుంటాం" అని. ఆయన కాస్త ఆశ్చర్యపోయారు. "రాత్రా? సరే, రండమ్మా" అన్నారు.

పదిన్నరకు వెళ్లాం. వెనక గదిలో లైటు ఆర్పేసి, కిటికీ మూసి, కింద కూర్చున్నాం. నేనేదో అనబోతే అమ్మ నా చెయ్యి నొక్కింది. "మాట్లాడకు" అంది. నోరు మూసుకుని పది నిమిషాలు. మొదట్లో మా ఊపిరే మాకు వినబడింది. తర్వాత పైన ఎవరో కుర్చీ జరిపారు. లిఫ్ట్ ఆగిన చప్పుడు. ఎక్కడో దూరంగా ఒక హారన్. అంతే. లేచి ముందు గదిలోకి వెళ్తే వీధి వీధంతా ఇంట్లోకి వచ్చినట్టుంది. రెండూ ఒకే ఇంట్లో గదులు!

ఒక కాగితం ముక్క కిటికీ రెక్కకీ ఫ్రేముకీ మధ్య పెట్టి మూసి లాగి చూశాను. సులువుగా జారి వచ్చేసింది. అంటే సందు ఉందన్నమాట. గాలి దూరే సందులోంచి శబ్దమూ దూరుతుంది. రబ్బరు మార్పించమని అడిగితే ఓనర్ గారు ఒప్పుకున్నారు. ఆ మాట అగ్రిమెంట్‌లో రాయించుకున్నాం.

దిగేటప్పుడు కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ కనిపించారు. ఇక్కడ గోలగా ఉంటుందా అని అడిగితే, అలవాటైనవాళ్లు లేదనే అంటారు. అందుకని "శనివారం రాత్రి మీరు ఏ గదిలో పడుకుంటారండీ?" అని అడిగాను. ఆవిడ వెంటనే, "వెనక గదిలోనే తల్లీ. ముందు గది పగటికి" అన్నారు.

మేమూ అలాగే చేస్తున్నాం. సాయంత్రం అమ్మ ముందు గదిలో కిటికీ తెరిచి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటుంది. వచ్చేపోయేవాళ్లను చూస్తుంది, తెలిసినవాళ్లు కనిపిస్తే పైనుంచే పలకరిస్తుంది. పదింటికి ఆ గది తలుపు గట్టిగా మూసి వెనక్కి వస్తుంది. మొన్న ఆదివారం నేను లేచేసరికి ఏడైంది. అమ్మ ఇంకా నిద్రపోతోంది.

ఉంటాను మరి. నమస్కారం.