ఆయిస్టిన్స్‌లో శుక్రవారం రాత్రి: కరీబియన్ దీవుల రాత్రి వినోదంపై చర్చ

సంధానకర్త: నమస్కారం. కరీబియన్ దీవులకు సెలవులకు వెళ్లినవారు పగటి సముద్రం గురించి చాలా చెబుతారు కానీ, చీకటి పడ్డాక ఎక్కడ గడిపారని అడిగితే ఎక్కువమంది తాము బస చేసిన రిసార్టు పేరే చెబుతారు. ఆ రాత్రులను మరింత బాగా ఎలా గడపవచ్చో బార్బడోస్ దీవిని ఆధారంగా చేసుకొని ఈ రోజు చర్చిద్దాం. మనతో ఒక యాత్రా రచయిత్రి, ఒక సంగీత పరిశోధకుడు, ఒక పర్యాటక సంస్థ నిర్వాహకుడు ఉన్నారు. రచయిత్రి గారూ, ఆ దీవిలో ఒకే ఒక్క రాత్రి గడిపే అవకాశం ఉన్నవారికి మీరేం చెబుతారు?

యాత్రా రచయిత్రి: ఆ ఒక్క రాత్రి శుక్రవారం అయ్యేలా చూసుకొని, దక్షిణ తీరంలోని ఆయిస్టిన్స్ అనే మత్స్యకారుల ఊరికి వెళ్లమంటాను. చేపల మార్కెట్టును ఆనుకొని వరుసగా చిన్న చిన్న వంట దుకాణాలు ఉంటాయి. నిప్పుల మీద మార్లిన్, ట్యూనా, మాహి మాహి వంటి చేపలు కాలుతూ ఉంటాయి. పొడవాటి బల్లల దగ్గర తెలిసినవారూ తెలియనివారూ పక్కపక్కనే కూర్చొని తింటారు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న దీవి కాబట్టి ఏ కాలంలోనైనా సుమారు ఐదున్నరకు, ఆరున్నరకు మధ్య సూర్యుడు అస్తమిస్తాడు. అందుకే ఏడు గంటలకే అక్కడ రాత్రి మొదలైపోతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది మరొకటి. ఒక మూల కుర్రకారు కోసం పెద్ద శబ్దంతో సోకా అనే హుషారైన కరీబియన్ నృత్య సంగీతం మోగుతుంటే, మరో మూల అరవై డెబ్బై ఏళ్ల స్థానిక దంపతులు పాత పాటలకు చేయీ చేయీ పట్టుకొని ఎంతో నేర్పుగా జంట నృత్యం చేస్తుంటారు. వారు పర్యాటకుల కోసం ఆడేవారు కారు. వారమంతా పనిచేసి తమ శుక్రవారాన్ని తాము జరుపుకొంటున్నవారు. మనం అక్కడ అతిథులమన్న ఎరుక ఉంటే ఆ రాత్రి ఆనందం రెట్టింపవుతుంది.

నిర్వాహకుడు: మేడమ్ చెప్పిన దానితో నాకు పేచీ లేదు కానీ, ఇద్దరు చిన్నపిల్లలతోనూ వయసు మళ్లిన అత్తగారితోనూ వెళ్లే కుటుంబం పరిస్థితి వేరు. భోజనం, పానీయాలు, సంగీతం అన్నీ ఒకే ధరలో కలిపి ఇచ్చే రిసార్టులో వారికి నిశ్చింత ఉంటుంది. పిల్లలు నిద్రపోతే నాలుగు అడుగుల్లో గదికి చేరవచ్చు. ఆ నిశ్చింత కోసమే వారు డబ్బు ఖర్చు పెడుతున్నారు. దాన్ని తక్కువగా చూడకూడదని నా మనవి.

యాత్రా రచయిత్రి: తక్కువగా చూడటం లేదండీ. ఏడు రాత్రుల్లో ఆరు రాత్రులు రిసార్టులోనే గడపమనండి. కానీ ముందే డబ్బు కట్టేశాం కదా అన్న ఆలోచన ఏడో రాత్రి కూడా గేటు దాటనివ్వదు. ఆయిస్టిన్స్‌లో మనం తిన్న చేపకు ఇచ్చిన డబ్బు దాన్ని వండిన మనిషి చేతికే అందుతుంది. ఆ మనిషి ఉదయం అదే ఊరి పడవ నుంచి చేప కొని ఉండవచ్చు. 2024 జూలై 1న బెరిల్ తుపాను బార్బడోస్‌కు దక్షిణంగా సాగిపోయినా, ఆ అలల తాకిడికి అక్కడి చేపల పడవలు పెద్ద సంఖ్యలో ధ్వంసమయ్యాయి. దానికి రెండు రోజుల ముందే, జూన్ 29న, రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్ మైదానంలో మన జట్టు దక్షిణాఫ్రికాపై 7 పరుగుల తేడాతో టీ20 ప్రపంచకప్ గెలిచింది. హైదరాబాదు కుర్రవాడు సిరాజ్ ఉన్న ఆ జట్టు తుపాను వల్ల అక్కడే చిక్కుకుపోయిందని మనమంతా టీవీల ముందు ఆందోళన పడ్డాం. జట్టు ఇంటికి చేరింది. పడవలు పోయినవారు మాత్రం మళ్లీ మొదటి నుంచి మొదలు పెట్టాల్సి వచ్చింది. అందుకే ఆ దుకాణాల్లో తినడం నాకు కేవలం రుచికి సంబంధించిన విషయం కాదు.

సంధానకర్త: శాకాహారుల సంగతి ఏమిటి? మన ప్రేక్షకుల్లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

నిర్వాహకుడు: మాకు ఫోను చేసేవారు మొదట అడిగేది అదే. మాకరోనీ పై అనే చీజు వంటకం, వేయించిన అరటి ముక్కలు, సీమపనస, కందిగింజలు కలిపి వండిన అన్నం దాదాపు ప్రతి దుకాణంలోనూ దొరుకుతాయి. ఆ అన్నంలో ఒక్కోసారి ఉప్పులో నిలవ చేసిన మాంసం వేస్తారు, మాకరోనీ పైలో గుడ్డు కలుపుతారు. కాబట్టి అడిగి తీసుకోవాలి. ధర విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. ఒక అమెరికా డాలరుకు రెండు బార్బడోస్ డాలర్ల చొప్పున మారకం స్థిరంగా ఉంటుంది, రెండూ చెలామణి అవుతాయి. చెప్పిన ధర ఏ డాలర్లలోనో ముందే తేల్చుకోకపోతే రెట్టింపు చెల్లించే ప్రమాదం ఉంది.

సంధానకర్త: పరిశోధకులు గారూ, ఈ దీవుల్లో రాత్రికీ సంగీతానికీ ఇంత గాఢమైన బంధం ఎలా ఏర్పడింది?

సంగీత పరిశోధకుడు: చెరకు తోటల చరిత్రలోకి వెళ్తే తప్ప అది అర్థం కాదు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లకు పగలంతా యజమానిది. తమదంటూ మిగిలిన కొద్దిపాటి సమయం రాత్రీ, ఆదివారమూ మాత్రమే. ఆ సమయంలో వారు డప్పు కొట్టి గుమిగూడితే తిరుగుబాటుకు పిలుపు అవుతుందేమోనని పాలకులు భయపడ్డారు. 1688 నాటి బార్బడోస్ బానిస చట్టం డప్పులనూ కొమ్ములనూ నిషేధించింది. అయినా సంగీతం ఆగలేదు, రూపం మార్చుకుంది. బ్రిటిష్ సైనిక వాద్యబృందాన్ని పోలి ఉండే చిన్న పిల్లనగ్రోవి, పెద్ద డోలు, చిన్న డోలుతో టక్ బ్యాండు పుట్టింది. పైకి సైనిక బాణీలా వినిపించినా లయ ఆఫ్రికాదే. మరో కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో 1880లలో డప్పులపై ఆంక్షలు వచ్చినప్పుడు జనం వెదురు బొంగులను నేలకు కొట్టి లయ పుట్టించారు, తర్వాత ఇనుప వస్తువులు పట్టారు, చివరకు చమురు పీపాల అడుగును సుత్తితో మలిచి స్వరాలు పలికించారు. అదే స్టీల్‌పాన్. 1992లో దాన్ని ట్రినిడాడ్, టొబాగో జాతీయ వాద్యంగా ప్రకటించారు. కార్నివాల్ ముందు వారాల్లో ఆ దేశ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని పాన్ యార్డుల్లో, అంటే స్టీల్‌పాన్ బృందాల సాధన స్థలాల్లో, సాయంత్రం నుంచి రాత్రి పొద్దుపోయేదాకా సాధన సాగుతుంది. పదుల సంఖ్యలో వాద్యకారులు ఒకే కృతిని తప్పు లేకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ వాయించడాన్ని పక్కన నిలబడి వినడం, నా అభిప్రాయంలో, ఏ నైట్‌క్లబ్బూ ఇవ్వలేని అనుభవం.

యాత్రా రచయిత్రి: అంటే రిసార్టులో వినిపించే స్టీల్‌పాన్ నకిలీ అంటారా?

సంగీత పరిశోధకుడు: అలా అనను. ఆ వాద్యకారుల్లో మంచి శిక్షణ ఉన్నవారు ఎందరో ఉంటారు. అడిగితే సంతోషంగా తమ దీవి బాణీలు వినిపిస్తారు. భోజనం చేస్తున్నవారెవరూ తల ఎత్తి చూడకపోవడమే నాకు బాధ కలిగించే విషయం.

సంధానకర్త: రాత్రి వినోదం అనగానే మద్యం ప్రస్తావన రాక తప్పదు.

యాత్రా రచయిత్రి: చెరకు నుంచి తీసే రమ్ము బార్బడోస్ చరిత్రలో భాగం. అక్కడి రమ్ము తయారీ సంస్థ మౌంట్ గే తన చరిత్రను 1703 నాటి పత్రం నుంచి లెక్కిస్తుంది. అయితే సీసా కంటే నేను చూడమనేది ఊరూరా ఉండే రమ్ షాపులను. చిన్న చెక్క గది, నాలుగు బల్లలు, బల్ల అదిరేలా డామినో పలకలు కొడుతూ ఆడే పెద్దవాళ్లు, క్రికెట్ మీద తెగని వాదన. భారతదేశం నుంచి వచ్చామని చెబితే చాలు, ఆ వాదనలో మనకూ చోటు దొరుకుతుంది. తాగనివారు కొబ్బరినీళ్లో శీతల పానీయమో పట్టుకొని కూర్చున్నా ఎవరూ తప్పు పట్టరు. తాగేవారికి మాత్రం ఒక మాట: అక్కడి సంప్రదాయ రమ్ పంచ్‌లో పులుపు ఒక పాలు, తీపి రెండు పాళ్లు, రమ్ము మూడు పాళ్లు, పలుచన చేసేది నాలుగు పాళ్లు. తియ్యగా దిగిపోతుంది కాబట్టి మోతాదు తెలియదు. తాగిన తర్వాత చీకట్లో సముద్రంలోకి దిగడం ప్రాణాల మీదికి తెస్తుంది.

నిర్వాహకుడు: కారు కూడా నడపకూడదు. అక్కడా మనలాగే ఎడమవైపు ప్రయాణం కాబట్టి మనవారికి ధీమా ఎక్కువ. ఇరుకు దారులు, మలుపులు, చీకటి కలిస్తే ఆ ధీమా పనికిరాదు. టాక్సీలకు మీటర్లు ఉండవు. ఎక్కే ముందే రానూ పోనూ ధర మాట్లాడుకోవాలి. బ్రిడ్జ్‌టౌన్ నుంచి ఆయిస్టిన్స్ దాకా జెడ్‌ఆర్ అని పిలిచే తెల్ల వ్యాన్లు తిరుగుతాయి, చవక కూడానూ. పాటలు హోరెత్తిస్తూ వెళ్లే ఆ ప్రయాణమే ఒక వినోదం. రాత్రి బాగా పొద్దుపోయాక మాత్రం వాటిని నమ్ముకోవద్దు. కుర్రవాళ్లకు మరో హెచ్చరిక: సైనికుల దుస్తుల మచ్చలున్న ప్యాంట్లు, టోపీలు పౌరులు ధరించడం అక్కడ చట్టవిరుద్ధం, పర్యాటకులకూ మినహాయింపు లేదు. ఎవరైనా గంజాయి ఇవ్వజూపితే మర్యాదగా వద్దని కదిలిపోవాలి.

సంగీత పరిశోధకుడు: తీరం గురించి నేనొక మాట జోడిస్తాను. సుమారు మే నుంచి అక్టోబరు దాకా హాక్స్‌బిల్ అనే సముద్ర తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. గుడ్ల నుంచి బయటికి వచ్చిన తాబేలు పిల్లలు సముద్రంపైని వెలుతురును చూసి దారి పట్టాలి. హోటళ్ల దీపాలు, మన ఫోన్ల దీపాలు వాటిని రోడ్డువైపు మళ్లిస్తాయి. వెస్టిండీస్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా పనిచేసే బార్బడోస్ సముద్ర తాబేళ్ల ప్రాజెక్టు 1987 నుంచి వాటిని కాపాడుతోంది. రాత్రి ఇసుకలో నడిచేటప్పుడు దీపం ఆర్పడం, తాబేలు కనిపిస్తే దూరంగా ఆగిపోవడం మన బాధ్యత.

సంధానకర్త: చివరి ప్రశ్న. ఎప్పుడు వెళ్లాలి?

నిర్వాహకుడు: డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు వాన తక్కువ, ధరలు ఎక్కువ. కుటుంబాలకు నేను ఆ కాలమే సూచిస్తాను.

సంగీత పరిశోధకుడు: సంగీతం కోసం వెళ్లేవారైతే బార్బడోస్ పండుగ క్రాప్ ఓవర్ సమయంలో వెళ్లాలి. చెరకు కోత ముగిసిన సందర్భంగా బానిసత్వ కాలంలోనే మొదలైన ఈ పండుగ 1940లలో కనుమరుగై, 1974లో మళ్లీ ప్రాణం పోసుకుంది. ఆగస్టు మొదటి సోమవారం జరిగే గ్రాండ్ కడూమెంట్ ఊరేగింపు దాని పతాక ఘట్టం.

యాత్రా రచయిత్రి: ఆ రోజుల్లోనే ఫోర్‌డే మార్నింగ్ అనే వేడుక కూడా ఉంటుంది. అర్ధరాత్రి దాటాక మొదలై తెల్లవారేదాకా, ఒంటికి రంగులూ బురదా పూసుకొని, వాద్యాల బండ్ల వెంట జనం నాట్యం చేస్తూ నడుస్తారు. పాల్గొనాలంటే ఏదో ఒక బృందంలో ముందే డబ్బు కట్టి పేరు నమోదు చేసుకోవాలి. చిన్నపిల్లలను తీసుకువెళ్లవద్దు. పాత బట్టలు, వీడని బూట్లు వేసుకోండి, ఫోను గదిలోనే వదిలేయండి. మధ్యాహ్నం ఓ కునుకు తీసి వెళ్తే తెల్లవారేదాకా నిలవగలుగుతారు.