‘ద్వితీయం’ అన్న మాట మీద నా ఫిర్యాదు

సభాధ్యక్షులకు, జీవరసాయన శాఖ అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. సూక్ష్మజీవులు సహజ పదార్థాలను ఎలా తయారుచేస్తాయో చెప్పమన్నారు. వాటిలో ఒక్కదాన్నే, మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు మింగే ఉన్న ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ను, తీసుకుంటాను. ఇలాంటివాటినే మన పుస్తకాలు ద్వితీయ జీవక్రియా ఉత్పన్నాలు అంటాయి.

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో మట్టిలో దొరికిన బాక్టీరియా నుంచి 1952లో ఈ మందు వచ్చింది. ఆ బాక్టీరియాను ఇప్పుడు సాకరోపాలీస్పోరా ఎరిత్రియా అంటున్నాం. ఇతర బాక్టీరియాల రైబోసోమ్‌ను, అంటే ప్రొటీన్లు తయారుచేసే యంత్రాన్ని, అడ్డుకునే ఈ మందు తన సొంత రైబోసోమ్‌ను తాకకుండా, ఆ బాక్టీరియా ముందుగానే దానికి మిథైల్ సమూహాలనే చిన్న రసాయన ముక్కలను తగిలించి పెట్టుకుంటుంది. ఆ రక్షణ జన్యువు ముందు దొరికింది. దాని పక్కనే వెతుక్కుంటూ వెళ్లిన కేంబ్రిడ్జ్‌లోని పీటర్ లెడ్లే బృందానికీ, అమెరికాలో అబాట్ అనే మందుల సంస్థలోని లెనార్డ్ కాట్జ్ బృందానికీ 1990, 1991 సంవత్సరాలలో మందును తయారుచేసే జన్యువులు బయటపడ్డాయి. విరుగుడు దాచుకున్న చోటే విషం కాచే పొయ్యి కూడా ఉందన్నమాట.

ఆ జన్యువులు తయారుచేసే మూడు ప్రొటీన్లలో ఒక్కొక్కదానిలో మూడు వేలకు పైగా అమైనో ఆమ్లాలుంటాయి; హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులూ కలిపితే 574 మాత్రమే. స్లాబు పోసే రోజున కూలీలు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలను చేయి మార్చుకోవడం మీరు చూసే ఉంటారు. ఇక్కడా అలాంటి వరుసే ఉంది, కానీ ప్రతి చేయీ తన వంతుగా మూడు కార్బన్ల ముక్కను కలిపి మరీ పక్కకు అందిస్తుంది. ఆ చేతులనే మాడ్యూళ్లు అంటాం; ఒక్కో ప్రొటీన్‌లో రెండు చొప్పున ఆరు మాడ్యూళ్లు. మొదట పెట్టిన ముక్కతో కలిపి ఏడు ముక్కలు, ఇరవై ఒక్క కార్బన్లు. మూడో మాడ్యూల్ కీటోన్‌ను, అంటే కార్బన్‌కు జంట బంధంతో అంటుకున్న ఆక్సిజన్‌ను, క్షయకరించకుండా, అంటే హైడ్రోజన్ చేర్చకుండా, వదిలేస్తుంది, నాలుగోది పూర్తిగా క్షయకరిస్తుంది, చివర ఉన్న ఎంజైము గొలుసును వలయంగా మూస్తుంది. ఆ తర్వాతే చక్కెరలు చేరతాయి.

కాట్జ్ బృందం ఐదో మాడ్యూల్‌లోని క్షయకరణ భాగాన్ని జన్యువులోనే తొలగించి చూసింది. కణం పని మానలేదు; ఆ ఒక్క చోట మాత్రం హైడ్రాక్సిల్‌కు (OH) బదులు కీటోన్ మిగిలిన వలయాన్ని తయారుచేసింది. 1995లో లెడ్లే బృందం వలయాన్ని మూసే ఎంజైమును తెచ్చి రెండో మాడ్యూల్ పక్కన పెడితే, గొలుసు అక్కడితోనే ఆగి చిన్న వలయం వచ్చింది. జన్యువులోని వరుస చదివితే అణువు ఆకారం ఊహించవచ్చని, ఆ వరుస మారిస్తే అణువూ మారుతుందని ఇలా తేలింది.

ఇక్కడ నా స్లైడ్లు కొన్ని వదిలేస్తున్నాను, మన్నించండి. నేను చెప్పవలసింది వేరే ఉంది.

సుమారు ముప్పై ఏళ్ల కిందట స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక ప్రశ్న వచ్చింది: ద్వితీయ జీవక్రియా ఉత్పన్నాలు అంటే ఏమిటి? కీ ప్రకారం జవాబు, ‘కణం పెరుగుదలకు అవసరం లేనివి’. ఒక విద్యార్థి మాత్రం, అవసరం లేని దానికి కణం ఇంత ఖర్చు ఎందుకు పెడుతుంది అని ఎదురు ప్రశ్న రాసి వదిలేశాడు. కీలో లేదు కనుక సున్నా వేశాను. ఎరిత్రోమైసిన్ జన్యువుల పొడవు గురించి అప్పటికే చదివి ఉన్నాను, అయినా వేశాను.

1891లో జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ కోసెల్ ఈ విభజన చేసినప్పుడు, జీవకణాలన్నింటిలో ఉండేవి ప్రాథమికమని, కొన్నింటిలోనే కనిపించేవి ద్వితీయమని అన్నాడు. మన తరగతి గదుల్లో ‘ద్వితీయం’ కాస్తా ‘వ్యర్థం’ అయి కూర్చుంది. 2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అనే మట్టి బాక్టీరియా జన్యుపటం, అంటే 86 లక్షలకు పైగా క్షారజంటలు, వెలువడినప్పుడు ఇలాంటి పదార్థాలను తయారుచేసే జన్యు సమూహాలు ఇరవైకి పైగా కనిపించాయి. బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త డేవిడ్ హాప్‌వుడ్ వంటివారు దశాబ్దాలుగా పెంచుతున్న జీవి అది. అప్పటికి దాని నుంచి తెలిసిన యాంటీబయోటిక్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

ముందు వరుసలో పాఠ్యప్రణాళిక సంఘం సభ్యులున్నారు. అయ్యా, పదం మార్చమని నేను అడగను, అది ప్రపంచమంతా వాడుతున్న పదం. కీలోని ఆ ఒక్క వాక్యాన్ని తీసేయండి. ఇక ప్రశ్నలు అడగవచ్చు. వెనక బెంచీలవారు ముందు అడగండి.