బ్యారెల్ మారిస్తే రాత మారుతదా?

మొన్న ఒక దోస్తు ఇంకు పెన్ను తెచ్చి చూపెట్టిండు. "కొత్త బ్యారెల్ ఎక్కించినన్నా, రాత మస్తు సాఫుగ వస్తున్నది" అన్నడు. రాదు తమ్మీ! ఈ మాట వినీ వినీ యాష్టకొచ్చింది.

(పెన్ను విప్పి చూపెట్టాలె)

రాసేది పాళీ. దానికి ఇంకు అందించేది కింద ఉన్న ఈ నల్ల ఫీడ్. రెండూ ఉండేది మనం పట్టుకునే సెక్షన్‌ల. బ్యారెల్ వెనక తగిలించిన గొట్టం, గంతే. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి మోసే ట్రాక్టర్‌ను యాది చేసుకోండ్రి. సెక్షన్ ఇంజను, బ్యారెల్ ట్రాలీ. ట్రాలీకి కొత్త రంగేస్తే ఇంజను జోరు పెరుగుతదా?

మారేది బరువు. ట్రాలీల లోడు మితిమీరితే ముందు టైర్లు గాల్లోకి లేస్తయి, చూసే ఉంటరు. పెన్ను గూడ అట్లనే. పెంబర్తి ఇత్తడంటే నాకు పానం, అందుకే ఇత్తడి గొట్టం చేయించుకున్న. ఎబొనైట్ అంటే గట్టిపరిచిన రబ్బరు, అది ఘనపు సెంటీమీటరుకు 1.2 గ్రాముల చుట్టుపక్కల తూగుతది, ఇత్తడి 8.5 దాకా. అంటే అదే సైజుకు ఏడు రెట్లు! రెండు పేజీలు రాసేసరికి పాళీ లేస్తున్నది, బొటనవేలు గుంజుతున్నది. లోపలి నుంచి గోడ పల్చగ తీయించినంక దారికొచ్చింది. అందంగ అయితే ఉన్నది, కాదనను.

ఇగ ట్రాలీని తగిలించే హుక్కు, అంటే మరలు. "10 మిల్లీమీటర్ల మర" అంటే చాలదు. చుట్టుకు చుట్టుకు నడుమ 1 మిల్లీమీటరా, 0.75 ఆ అన్నది గూడ కలవాలె. అది కలవక రెండు చుట్లెక్కి బిగిసినంక ఇంకా తిప్పిండ్రనుకో, సెక్షన్ పటుక్కుమంటది. లేతు దుకాణానికి పాత సెక్షన్, పాత బ్యారెల్ రెండూ పట్టుకపోండ్రి. నోటి లెక్క చెప్పకుండ్రి.

కన్వర్టర్, అంటే బ్యారెల్ లోపల ఇంకు పట్టే చిన్న డబ్బీ, తీసేసి గొట్టం నిండ ఇంకు పోసుకుంటరా? అప్పుడది ట్రాలీ కాదు, ట్యాంకరు. ఇంకు తగ్గినకొద్ది లోపల గాలి పెరుగుతది, చేతి వేడికి ఆ గాలి ఉబ్బి ఇంకును బయటికి నూకుతది. జేబు మీద మరక గట్లొస్తది. ఎబొనైట్‌ల నుంచి చేతి వేడి తొందరగ లోపలికి పోదు కాబట్టి కొంత నయం, రాజమండ్రి రత్నం పెన్నులు చేసేది దాంతోనే. ఇత్తడిల మాత్రం నేరుగ ఇంకు పోయకుండ్రి, వేడీ తొందరగ ఎక్కుతది, లోపల గొట్టమూ తినుకుపోతది. నిర్మల్ బొమ్మల పొనికి కర్రతోని చేయించుకుంటమని ఇద్దరు ముగ్గురు అడిగిండ్రు. చేయించుకోండ్రి, కానీ కర్ర ఇంకు పీలుస్తది, లోపల కన్వర్టర్ ఉండాల్సిందే.

బ్యాటరీ ఎర్రగ కొడుతున్నది, జల్దీ చెప్త. మరలకు సిలికాన్ గ్రీజే పెట్టండ్రి, వ్యాజలిన్ వద్దు, రబ్బరు రింగు పాడైతది. ఎబొనైట్‌ను వేడి నీళ్లల్ల వెయ్యకుండ్రి, రంగు మారుతది. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌ను మంట దగ్గరికి తేకుండ్రి, భగ్గుమంటది. పాలిష్ సంగతి ఇంకో వీడియోల...